నలభై ఒక్క సెకండ్లు

తార్తులో నది గడ్డకట్టిన నెల.
మూడో అంతస్తులో రేడియేటరు టిక్కుటిక్కుమంటోంది.
ఉర్వె కోటు విప్పకుండానే కూర్చుంది.
నూట పన్నెండు ఫైళ్లు, పాత ఫార్మాట్‌వి,
సాయంత్రానికి కొత్తదాంట్లోకి మారాలి.

లైబ్రరీ ఉంది. మూడే పంక్తుల కోడు:
చదువు, మార్చు, రాయి.
మూడు వారాలుగా ఆ నడిమి మాటతోనే ఆమె కాపురం.

పాత ఫైల్లో కాలం అడ్డంగా పారుతుంది,
దాని కింద వరుసలు:
మాటకొకటి, అర్థానికొకటి, దగ్గుకొకటి.
ఒకరి మాటలో ఒకరు దూరినా చోటుంటుంది.
కొత్తది పట్టిక. మాటకో పంక్తి, పంక్తికి పది గళ్లు:
మూలరూపం, విభక్తి, ఏ మాటకు ఏది తల.
ఏమీ లేని గడిలో అడుగున ఓ చిన్న అడ్డగీత.
ఇందులో ఇద్దరు కలిసి నవ్వడం కుదరదు.

మొదటి ఫైలే మొరాయించింది.
వోట్ భాషలో ఊరంటే చ్యులా,
పక్కనే ఎస్టోనియన్‌లో క్యులా.
కన్నడం కివి మన దగ్గర చెవి అయినట్టు
ఎప్పుడో ఎవరి నాలుకో మెత్తబడిన చోటు.
అన్ని తరాలు దాటొచ్చిన ఆ చకారం
నిన్నగాక మొన్నటి ఎన్‌కోడింగు దాటలేక
ప్రశ్నార్థకమై నిలబడింది.
అది బాగుచెయ్యడం తేలిక.
ఉర్వె కాఫీ తెచ్చుకుంది.

తర్వాత ఔదెక్కి, ఆమె చెల్లెలు మారో.
పులిసిన పిండి గురించి ఇద్దరూ ఒక్కసారే అందుకుంటారు,
నాలుగు సెకండ్లు, అచ్చం ఒకే పదం మీద.
ఎవరిది ముందు?
లైబ్రరీ అడగలేదు. అక్షరక్రమంలో సర్దేసింది,
మారో ముందు, ఔదెక్కి వెనక.
పక్క బల్ల నుంచి తైవో, "ఎవరికి తెలుస్తుందిలే" అన్నాడు.
"ఔదెక్కికి," అంది ఉర్వె. "ఆవిడ పెద్దది."

వీధి దీపాలు వెలిగే వేళకి
నూట పన్నెండూ మారాయి. తెరమీద ఒక్క ఎర్ర అక్షరం లేదు.
అక్కడే అనుమానం వచ్చింది.
కొత్తదాన్ని మళ్లీ పాతదిగా మార్చి
రెంటినీ పక్కపక్కన పెట్టింది.
ఒక వరుస వరుసంతా లేదు. దాని పేరు గమనికలు.
ఏ గడికీ చెందదు గనక
లైబ్రరీ చప్పుడు కాకుండా జారవిడిచింది,
వాఁడు కాస్తా వాడు అయిననాడు
ఎవరూ వెతకని అరసున్నాలా.

రాసింది హెల్యు,
ముప్పై ఏళ్ల కిందట మంచులో
టేపురికార్డరు మోసుకెళ్లిన మనిషి.

కుక్క మొరిగింది.
కెటిల్ పొంగింది.
అర్థం అడిగితే నన్ను చూసి నవ్వింది.
ఇరవయ్యారో టేపు, పద్నాలుగో నిమిషం:
ఇక్కడ ఆపమంది. నేను ఆపలేదు.

ఉర్వె ఇయర్‌ఫోన్లు చేతిలోకి తీసుకుంది.
మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

కొత్త ఫైల్లో ఆ తర్వాతి నలభై ఒక్క సెకండ్లు
బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.
తొంభై మూడు మాటలు. ప్రతిదానికీ తల దొరికింది,
విభక్తులు పొల్లుపోకుండా కుదిరాయి.
ఎవరైనా వెతుక్కోవచ్చు. లెక్కపెట్టుకోవచ్చు.

హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తిని
యంత్రం చదవక దాటేస్తుంది.
కుక్కనీ కెటిల్‌నీ నవ్వునీ అక్కడ సర్దింది,
మనుషులెవరైనా చదువుకుంటారని.
హెల్యు ఒప్పుకోలుని కూడా, ఒక్క అక్షరం మార్చకుండా.

ఆ తొంభై మూడూ మాత్రం తీసేసింది.
ఆ చోట ఒకే పంక్తి,
పది గళ్లు, పదింటా అడ్డగీత.

మొదటి గడిలో అంకె ఉండితీరాలని
పరీక్ష ఎర్రగా అరిచింది.
"ఒకటి తప్పింది," అన్నాడు తైవో.
"చూశాను."
"అంకె వేస్తే పోతుందిగా."
ఉర్వె ఏమీ అనలేదు.

నూట పదకొండు పచ్చగా, ఒకటి ఎర్రగా,
అలాగే దాచిపెట్టి దీపం ఆర్పింది.
చీకట్లో కోటు కోసం కాసేపు తడుముకుంది.
ఒంటి మీదే ఉంది.