నేల ఒప్పుకోని వస్తువు

బర్మింగ్‌హామ్ నుంచి బహుమతి తెచ్చింది గ్వెన్‌లియన్,
వ్యాను ముందు సీట్లో, గుడ్ల అట్టలా ఒళ్ళో పెట్టుకుని.
గాజనుకున్నాను. గాజు కూడా కాదు, గాజులాంటి ప్లాస్టిక్.
లోపల ఇరుక్కుపోయిన పచ్చటి ఆకు ఒకటి,
ఎప్పటికీ రాలదు, పాపం.
దాని కింద బంగారు అక్షరాలు:
ఈ యేటి ఉత్తమ సహజ ఖనన స్థలం.

నేను పదకొండేళ్ళు తారురోడ్లు వేసి వచ్చినవాణ్ణి.
నేల నోరు మూయడమే అప్పటి నా పని.
ఈ వేల్స్ కొండ మీద మొదటి రోజున
నా చేతికి పార ఇచ్చి అంది ఆమె:
"పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి ఒకవైపు.
కలిపావో, ఇంటికి పోతావు."
గడ్డిని చాపలా చుట్టడం,
తిరిగి పరిచేదాకా తడిగోనె కప్పడం నేర్పింది.
నాలుగడుగులు చాలంది.
అంతకన్నా లోతుకి వానపాములు దిగవు,
గాలాడని చోట మనిషి
చాలాకాలం మనిషిగానే ఉండిపోతాడంది.

గేటు పక్క చెక్క మీద రాసి ఉంటుంది:
వార్నిషు వద్దు. ఇత్తడి పిడులు వద్దు. రాయి వద్దు.
నైలాను వద్దు, ఆమెకెంత ఇష్టమైన గౌనైనా సరే.
ప్లాస్టిక్ పువ్వు అసలే వద్దు.
ఒకసారి ఒక పెద్దాయన కట్టుడుపళ్ళ మీద
గంటసేపు వాదన నడిచింది.
చివరికి పళ్ళు కొడుకు జేబులో ఇంటికెళ్ళాయి.

అలాంటి చోటికి వచ్చింది
వెయ్యేళ్ళైనా కరగని ఈ మెచ్చుకోలు.

ఎక్కడ పెట్టాలి?
రోవన్ మొక్కల మధ్య కుదరదు, మా నియమమే అడ్డు.
గేటుకి కొడదామంటే
"గేటు చూడ్డానికి ఎవరొస్తారోయ్ ఇక్కడికి" అంది.
గాలికి కొట్టుకునే పనిముట్ల కొట్టం తలుపుకి
చివరికి ఒరగబెట్టాం.
బరువు బాగానే ఉంది. తలుపు కదల్లేదు.

న్యాయనిర్ణేతలకి కుటుంబాలు రాసిన ఉత్తరాల
నకళ్ళు కూడా ఇచ్చి పంపారు.
పొడుగువి ఆమె చదవలేదు.
ఎమ్లిన్ బెడ్డో రాసింది మాత్రం నాకు చూపించింది.
ఒక్కటే వాక్యం:
"నా బూటు లేసు ఊడింది, ఆమె ఆగింది."

గుర్తుంది నాకు ఆ ఫిబ్రవరి.
వానో మంచో తేల్చుకోలేని ఆకాశం.
విల్లో బుట్టలో మార్‌గెడ్, ఉన్ని దుప్పట్లో.
అడ్డకర్రలు లాగేశాం, బరువంతా నూలు తాళ్ళ మీద ఉంది.
అప్పుడు తన తాడు కొస నా చేతిలో పెట్టి
ముసలాయన వంగాడు.
కొయ్యబారిన వేళ్ళు. తడిసిన లేసు.
ముడి వేశాడు.
విప్పాడు.
మళ్ళీ వేశాడు.
రెండు తాళ్ళు నా అరచేతుల్లో మండుతున్నాయి,
బుట్ట కిర్రుమంటోంది.
వెళ్ళి కట్టిపెట్టొచ్చుగా అని గ్వెన్‌లియన్ వైపు చూశాను.
ఆమె టోపీ చేత్తో పట్టుకుని
దూరంగా ఎవరివో గొర్రెల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడింది.
వెనక రెండో కారు ఇంజను ఎవరో ఆపేశారు.
ముడి మరోసారి విప్పాడు.

నిన్న ఎమ్లిన్ కొండెక్కి వచ్చాడు.
లేసుల్లేని బూట్లు ఇప్పుడు.
గడ్డి మోకాళ్ళెత్తు, ఎక్కడ చూసినా ఒకటే పచ్చ.
పటం అడగలేదు.
కాసేపు తిరిగి ఒకచోట ఆగి,
టోపీ తీసి, కిందికి చూస్తూ
ఏదో ధరల గురించి మాట్లాడుతున్నాడు.

మార్‌గెడ్ అక్కడ లేదు.
నాలుగడుగులు ఎడమకి, ముళ్ళపొద వైపు.
తవ్వినవాణ్ణి, నాకు తెలుసు.
చెప్దామని నోరు తెరిచాను.

గ్వెన్‌లియన్ నా చేతిలో పార పెట్టింది.
"రేపటిది ఉంది," అంది.
"పైమట్టి ఒకవైపు."