పగులు గుడ్లు

రాత్రి పదకొండున్నర.
మడివాళ సంత మూసేశాక
ఓబుళమ్మ బండి మీద పెనం వేడెక్కుతుంది.
తాడిపత్రి నుంచి వచ్చి తొమ్మిదేళ్లు.
హొసకోటె లారీలో ఒకదానికొకటి ఒరుసుకుని పగిలిన గుడ్లు
ట్రే మీద పాతిక తక్కువకి వస్తాయి.
ఆమె సంపాదనంతా ఆ పగులులోంచే.

నేను సినిమాలకి సబ్‌టైటిళ్లు రాస్తాను.
ఇవాళ ఒక్క మాట దగ్గర బండి దిగబడింది.
తెర మీద ముసలామె మనవడి వైపు తిరిగి అంటుంది:
"ప్రేమా? గాడిద గుడ్డు!"
రెండు సెకన్లు. ఇరవై అక్షరాలు.
ఇంగ్లీషులో గాడిద ఉంది, గుడ్డు ఉంది,
గాడిద గుడ్డు లేదు.

"తెలుగులో మాత్రం ఉందా ఏం?"
ఓబుళమ్మ ఉల్లిపాయ తరుగుతూ అంది.
"మా జేజి చెప్పేది. సంతలో ఒక అమాయకునికి
బూడిద గుమ్మడికాయ చూపించి
గాడిద గుడ్డని అంటగట్టినారంట.
వాడు దాని మీద నెల రోజులు పొదిగినాడంట."
"పిల్ల వచ్చిందా?"
"వచ్చింటే ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది."

బండి కింద బల్బు వెలుగులో చౌడేశ్వరి.
ఆరో తరగతి, కన్నడ మీడియం.
లెక్కల్లో మొట్టె తెచ్చుకుంది,
సున్నాకి వాళ్ల మేష్ట్రు పెట్టిన పేరు.
మొట్టెకి ఇంట్లో మొట్టికాయ పడింది.
ఆ రెండు మాటలూ కలిపి అనుకుంటూ
తల రుద్దుకుంటూ నవ్వుతోంది.
అంతలోనే తలెత్తి, "అమ్మా, ఆ అన్నకి చిల్లర తప్పిచ్చినావు" అంది.
"గుడ్డొచ్చి పిల్లని ఎక్కిరించినట్టుంది!"
కసిరింది గానీ
ఇరవై రూపాయలు మళ్లీ తీసిచ్చింది.

అప్పుడొచ్చాడు పాలికె ఆయన, మునివెంకటప్ప,
చంకలో రసీదు పుస్తకం.
లైసెన్సు చూశాడు. సిలిండరు తట్టాడు.
ఫుట్‌పాత్ రాయి నుంచి చక్రం దాకా అడుగులు కొలిచాడు.
ఒక్కో గుడ్డునీ లైటుకెత్తి తిప్పి చూశాడు.
"కోడిగుడ్డు మీద ఈకలు పీకేదానికి వచ్చినాడు"
అని గొణిగింది ఓబుళమ్మ,
కన్నడాయనకి ఏం తెలుస్తుందిలే అని.

ఆయన చేతిలో గుడ్డు ఆగింది.
"మాది ముళబాగలు తల్లీ. ఇంట్లో తెలుగే."

పెనం మీద నూనె కూడా గొంతు తగ్గించింది.

స్టూలు లాక్కుని కూచున్నాడు.
"ఆ మాట ఎందుకు పుట్టిందో నే చెప్తా.
కోడి దాకా చెయ్యి అందనోడు
గుడ్డు దగ్గర కూచుని పీకుతాడు.
నా పైనోళ్లకి కోళ్లు. నాకు గుడ్లు."
ఉడికినవి ఆరు కట్టించుకున్నాడు, డబ్బులివ్వలేదు.
ఐదొందలకి రసీదు చింపాడు,
ఎంతో మర్యాదగా,
తెలుగులో "వస్తా తల్లీ" అంటూ.

ఓబుళమ్మ ఏమీ అనలేదు.
గుడ్ల నీళ్లు గుడ్లలోనే కుక్కుకుని
పెనం గీకుతోంది.

ఎన్నిసార్లు రాశానో ఈ మాట.
ఎప్పుడూ ఆగి చూడలేదు.
మనకి కంట్లో ఉన్నదీ గుడ్డే, ట్రేలో ఉన్నదీ గుడ్డే.
కన్నడంలో గుడ్డె కంటి దగ్గరే ఉండిపోయింది,
కోడి కిందది మొట్టె అయింది.
మనవాళ్లు రెండో పేరు పెట్టడానికి బద్ధకించారేమో.
లేదా ఎవరో ఒకావిడ
అరచేతిలో గుడ్డూ రెప్పల మధ్య ఏడుపూ
ఒకేసారి పట్టుకుని నిలబడి ఉంటుంది,
ఏది ముందు జారుతుందో తెలీక.
నిఘంటువు చూస్తే తెలుస్తుంది.
చూడను.

"మా అమ్మని ఎందుకట్లా గుడ్లప్పగించి చూస్తావు?"
చౌడేశ్వరి గద్దింపుకి తల దించుకున్నాను.
ఫోనులో ముసలామె నోరు తెరిచి ఆగిపోయి ఉంది.
నాలుగు మాటలు కొట్టాను, చెరిపాను.
మూడు కొట్టాను. అవీ పోయాయి.

"ఏం రాస్తివన్నా?"

"గాడిద గుడ్డు" అన్నాను.

ఓబుళమ్మ ముక్కు చీది, పక్కున నవ్వింది.
ట్రే అడుగు నుంచి ఒకటి తీసింది,
పెనం అంచుకి కొట్టబోయి ఆగింది.
కొట్టే పని లేదు.
పగులులో బొటనవేళ్లు పెట్టి తెరిచింది.