కారణం గడి

శాలిహుండం కొండ మీద
ఇటుకల స్తూపం పక్కన బొంత పరిచి
ప్రతి అమావాస్యకీ నలుగురు పడుకుంటారు.
నిద్రకి కాదు.

టెక్కలి క్వారీలో కంప్రెసరు నడిపే కూర్మారావు,
రిటైరైన పోస్ట్‌మ్యాన్ గౌరీశ్వరరావు గారు,
ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే దమయంతి,
ఆవిడ తమ్ముడు. వాడు ఫ్లాస్కు మోయడానికి వస్తాడు.
ఆకాశం అంటే వాడికి మెడనొప్పి.

వాళ్ల దగ్గరో రిజిస్టరుంది.
తేదీ. వేళ. దిక్కు. రంగు. ఎన్ని నిమిషాలు. చూసినవాళ్లెవరు.
చివర్న ఒక గడి: కారణం.

నేను ఛానల్‌కి పనిచేస్తాను. వార్తకి నూటయాభై,
అదీ ప్రసారమైతేనే.
తుఫానుకి పీకల్లోతు నీళ్లలో నిలబడితే మూడొందలు.
మామూలు రోజుల్లో ఈ జిల్లా ఎవరికీ పట్టదు.
ఎర్రగా, గుండ్రంగా, చప్పుడు లేకుండా
కళింగపట్నం లైట్‌హౌస్ మీదుగా ఏదో పోయిందని
ఎవరో ఫోన్‌లో తీసిన తొమ్మిది సెకన్లు
హైదరాబాదు చేరిన సాయంత్రం మాత్రం
డెస్కు నన్ను 'గారూ' అంది.

కూర్మారావు రిజిస్టరు నా చేతికిచ్చాడు,
శుభలేఖ ఇచ్చినంత మర్యాదగా.
అరవై ఒక్క నమోదులు.
యాభై ఎనిమిదింటికి కారణం రాసుంది:
శుక్రుడు. శుక్రుడు. రొయ్యల చెరువు డ్రోను.
వరసగా నడిచే ఉపగ్రహాలు, ఇరవై రెండు.
గారలో పెళ్లి, ఎగరేసిన కాగితం దీపాలు.
శుక్రుడే, మబ్బు వెనక.
దక్షిణాన రాకెట్ పొగ, పొద్దు తగిలి.
మా తమ్ముడి టార్చి.

"మరి ఈ మూడూ?" అన్నాను, ఖాళీ గడులు చూసి.
"తెలీదు" అంది దమయంతి.
"తెలీదంటే?"
"తెలీదంటే తెలీదనే బావూ. రాయడానికేటీ లేక వదిలీసినాం."

డెస్కుకి ఆ మూడే కావాలి.

వ్యాను కొండ కింద ఆగింది.
గౌరీశ్వరరావు గారు పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చారు.
దారి పొడుగునా ఒకే వాక్యం వల్లె వేసుకున్నారు:
"మేం నమ్మేవాళ్లం కాదండి, చూసేవాళ్లం."
ఆకాశం వైపు వేలు చూపించమన్నాను.
అక్కడేమీ లేదు.
నలభై ఏళ్లు మనియార్డర్లు పంచిన వేలు
ఇంటి నంబరు చూపించినట్టే చూపించింది.

రాత్రి తొమ్మిదింటి వార్తల్లో
బౌద్ధుల ఇటుకల చక్రం
పళ్లెం దిగిన చోటయిపోయింది.
ఎర్ర బాణం గుర్తు, దడదడమనే సంగీతం.
ఆయన వాక్యం కోసేశారు, వేలు ఉంచారు.
నాకు అయిదొందలు పడ్డాయి.

వారం తిరక్కుండా వంశధార అవతల నుంచి కబురు:
శాలిహుండం కొండ మీద తెల్లటి వెలుగట,
కదిలిందట, ఆగిందట, మళ్లీ కదిలిందట, గంటన్నర.
చూసినవాళ్లు పదకొండు మంది.
ఒక ముసలామె గడపలో పసుపునీళ్లు కూడా చల్లింది.

కూర్మారావు డ్యూటీ మానుకుని బండేసుకుని పోయాడు.
పదకొండు మందినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాడు,
ఏ రోజు, ఏ వేళ,
చెయ్యి చాపితే గోరంతా, అరచెయ్యంతా?
తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగాడు, హెల్మెట్ తియ్యకుండానే:
"బావూ, ఆ గురువారం
మీ కెమెరా లైటు ఎన్నింటికి ఎలిగించినారు?"

అరవై రెండో నమోదు.
కారణం గడిలో దమయంతి గుండ్రటి అక్షరాలు:
విలేకర్లు.

డెస్కుకి చెప్పాను. అదీ ఒక వార్తేనా అన్నారు,
'గారూ' లేకుండా.

ఇప్పుడు అమావాస్యకి నేనూ వెళ్తున్నాను, కెమెరా లేకుండా.
ఇటుకలు పగటి వేడిని అర్ధరాత్రి దాకా వదలవు.
దమయంతి తమ్ముడూ నేనూ మెడలు రుద్దుకుంటూ టీ తాగుతాం.
సముద్రం మీద పడవ దీపాన్ని చూసి
నేను రెండుసార్లు లేచి నిలబడ్డాను.
ఎవరూ నవ్వలేదు. పడవ అని రాశారు.

ఆ మూడు గడులూ అలాగే ఉన్నాయి.
పక్కనే పెన్ను, రిజిస్టరుకి దారంతో కట్టి,
పోస్టాఫీసులో లాగ.