ఖాళీ గడి

మంత్రిగారు చెప్పాపెట్టకుండా వస్తారని
మూడు రోజుల ముందే చెప్పారు.

ఒంగోలు నుంచి ఫోను, కనిగిరి నుంచి ఫోను,
ఆ వెనకే ఆటోలో సున్నం బస్తాలు.
ఏసోబు ఆస్పత్రి గోడకు నడుం ఎత్తు దాకా సున్నం కొట్టాడు.
నిచ్చెన దొరకలేదు, పైదంతా పాతదే.
తాళం తుప్పుపట్టిన కాన్పుల గది తెరిస్తే
బల్ల మీద రెండు పావురం గుడ్లు.
రోశమ్మ వాటిని కొంగులో పెట్టుకుని పోయి
నీళ్ల ట్యాంకు కింద దించి వచ్చింది.
"ఈ ఏడాది ఇక్కడ జరిగిన కాన్పు ఇదొక్కటే గదమ్మా" అంది.

నా పని చిన్నది.
టీకాల ఫ్రిజ్జు, అందులో థర్మామీటరు, పక్కన రిజిస్టరు.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి
అంకె చూసి రాయాలి.
రెండుకు దిగకూడదు, ఎనిమిది దాటకూడదు.
నాలుగు, అయిదు, నాలుగు, నాలుగు.
పదకొండేళ్లుగా నేను రాసిన పుస్తకం ఇదే.

మే పద్నాలుగున మాత్రం ఏమీ రాయలేదు.
ఆ రోజు గాలివాన. పొగాకు బ్యారనీల పక్కన
కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి.
జనరేటరు ఉంది, డీజిలు లేదు.
డీజిలుకు బిల్లు ఉంది, బిల్లు మీద సంతకం లేదు.
ఐసు డబ్బా కడుపుకు అదుముకుని, పైన చీర కొంగు కప్పి
ఖాజావలి బండి వెనక పొదిలి దాకా పోయాను.
నెలలు నిండిన మనిషనుకుని
లారీలోళ్లు కూడా దారి ఇచ్చారు.
తెల్లారి వచ్చి చూస్తే గడి ఖాళీ.
పై గడిలో నాలుగు చూసి ఇంకో నాలుగు వేయొచ్చు.
చెయ్యి రాలేదు.
చూడని అంకె ఎట్టా రాసేది?

పదకొండు కార్లు. దుమ్ము తగ్గేదాకా మనిషి కనపడలేదు.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"పాము మందు ఎన్ని?" "ఎనిమిది సార్."
"కుక్క కాటుకు?" "ఉన్నాయి సార్."
"ఈ ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఎంత?"
ఒంగోలు ఆఫీసరు ఫైలు తిప్పుతా ఉంటే
బెంచీ మీద మాలకొండయ్య నవ్వాడు.
పళ్ల మీద గోధుమరంగు చారలు.
ఫైల్లో దొరకని లెక్క అక్కడుంది.
మంత్రిగారు ఇంగ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత నా రిజిస్టరు.
వేలు ఒక్కో గడి దిగుతా వచ్చి ఆగింది.
"ఇదేందమ్మా?"
డాక్టరమ్మ దగ్గింది. ఆఫీసరు "పొరపాటు సార్" అన్నారు.
"పొరపాటు కాదు సార్" అన్నాను. నా గొంతేనా అది?
"ఆ రోజు కరెంటు లేదు. టీకాలు పొదిలిలో ఉన్నాయి.
ఫ్రిజ్జులో ఏమీ లేదు, అందుకని గడిలో కూడా ఏమీ లేదు."

చానా సేపు చూశారు.
రాష్ట్రమంతటి నుంచీ ఆయన బల్ల మీదికి చేరే కాగితాల్లో
నిండని గడి ఎప్పుడన్నా చూశారో లేదో.
జేబులో పెన్ను తీసి
ఆ గడిలోనే సంతకం పెట్టారు.
పడితేనా! తోక ఒకటి పదమూడు మీదికి ఎక్కింది,
ఇంకొకటి పదిహేను మీదికి జారింది.
మెచ్చుకున్నట్టా, మందలించినట్టా?
అడిగేలోపు కార్ల తలుపులు పడ్డాయి.

వారానికి నలభై లీటర్ల డీజిలు వచ్చింది. ఒక్కసారే.
పావురాలు మళ్లీ వచ్చాయి.
నవంబరులో ఆడిట్ వాళ్లు వచ్చి
"ఇదెన్ని డిగ్రీలు?" అని అడిగారు.
"మంత్రిగారి సంతకం సార్."
"అది సరే. డిగ్రీలు ఎన్ని?"
మెమో చేతికిచ్చి పోయారు.

జవాబు ఇంకా రాయలేదు.
సాయంత్రం అయిదున్నర. మూత తీసి చూశాను. ఆరు.
ఆరే రాశాను.