యాలక్కాయ

"ఇంట్లో ఎవరైనా కాలుస్తారా?" అనడిగింది
కొత్తపేట పిల్లల డాక్టరమ్మ.
"ఇంట్లో కాదండీ, బాల్కనీలో" అన్నాను,
ఏదో పుణ్యం కట్టుకున్నవాడిలా.
ఆమె నవ్వలేదు.
చీటీ మీద మూడోసారి అదే మందు రాసింది.

మిర్చి యార్డులో కాటా గుమస్తాని నేను.
ఒక్క టిక్కీ ధబ్బున దించితే చాలు
హమాలీ, సేటూ, రైతూ, నేనూ
కూడబలుక్కున్నట్టు తుమ్ముతాం.
మిరప ఘాటుది మర్యాద గల పుట్టుక,
కేకేసి మరీ ముక్కులోకొస్తుంది,
పక్కకి తప్పుకునే వ్యవధి ఇస్తుంది.

మా బావమరిది ప్రభుకిరణ్ తెచ్చిన పెన్ను అట్లా కాదు.
సోఫాలో కూచుని ఒక్కసారి వదిలాడు,
గది నిండా బంగినపల్లి.
"పొగ కాదు బావా, ఆవిరి."
ఏడేళ్ల కెజియా
పీచుమిఠాయికి తెరిచినట్టు
నోరు తెరిచింది ఆ మబ్బుకి.
నేనేమన్నాను?
జేబులో నా పెట్టె బరువు తెలుస్తుండగా
నోరెట్లా పెగులుతుంది?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక
హాల్లో ఒక్కతే ఆడుకుంటోంది.
రెండు వేళ్ల మధ్య సుద్దముక్క.
"నేను నాన్నని" అంది బొమ్మతో.
బాల్కనీ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసింది.
పేపరు మడిచి టపటపా విసురుకుంది.
గౌను మెడ పట్టి వాసన చూసుకుంది.
లేని డబ్బాలోంచి లేని యాలక్కాయ తీసి
నమిలింది, నమిలింది,
అప్పుడు గానీ బొమ్మనెత్తుకుని ముద్దు పెట్టలేదు.
తర్వాత బొమ్మ చేత దగ్గించింది
నాలుగుసార్లు, లెక్కగా.

నేను దాచిందంతా
దానికి కంఠతా వచ్చు.

సాయంత్రం ప్రభుకిరణ్‌ని మెట్లదాకా సాగనంపి
"ఇక ఆ మామిడిపండు మా గడప దాటకూడదు" అన్నాను.
"ముందు నీ సంగతి చూసుకో బావా" అన్నాడు.
కోపం రాలేదు.
కాటా ముల్లు సరిగ్గానే చూపించింది.

పదకొండు రోజులైంది.
మధ్యలో ఒకటి జారింది, ఒట్టేసి అబద్ధమాడలేను.
ఆ రాత్రి చుట్టుగుంట నుంచి నడిచే వచ్చి
చొక్కా బకెట్లో ముంచి, తల రుద్దుకుని,
అయినా పిల్ల మంచం దగ్గరికి పోలేదు.
ఊపిరి లోపల ఏ సబ్బూ పట్టదని
ఆలస్యంగా తెలిసింది.

యాలక్కాయల డబ్బా అట్లాగే ఉండిపోయింది.
ఏం చెయ్యమంటావంది మా ఆవిడ సునీతి.
పాయసంలో వెయ్యమన్నాను.
కెజియా చెంచా నోటిదాకా తెచ్చి,
ఆగి, వాసన చూసి,
"నాన్న వాసన" అంది.