తర్వాతి పడవ

పార్నులో రాత్రి రెండుంబావు.
సర్వర్ గదిలో ఫ్యాను గొంతు మారింది.
రోజూ గొణిగేది, ఇవాళ ఒగరుస్తోంది.
తెర మీద తొంభై తొమ్మిది. దిగదు.

ఒకే యంత్రంలో పదకొండు కాపురాలు:
లైడీ రొట్టెల దుకాణం, బృందగాన సంఘం, పళ్ల డాక్టరు,
ఆవిరిస్నానాల బుకింగు, శవపేటికలు చేసే ఊకు వడ్రంగి…
అందరికీ కలిపి ఒకటే పూల్, ఒకటే కొళాయి.
ఎవరో ఒకరు తిప్పి వదిలేస్తే
మిగతా పదిమంది బిందెలూ ఖాళీ.

అనుమానం ముందు లైడీ మీదికే పోయింది,
పొద్దున్నే ఫోన్ చేసి అరిచేది ఆవిడే కదా.
రీస్టార్ట్ చేసి పడుకో, అన్నాడు తార్మో.
మొన్న చేశాను. నిన్నా చేశాను.
బిళ్లకి దిగి, అర్ధరాత్రి దాటగానే మళ్లీ కాసే జ్వరం అది.

ఇవాళ వేరుకాపురాలు పెట్టించాను,
ఎవరి పూల్ వాళ్లకి.
పదిమందీ ఊపిరి పీల్చుకున్నారు.
రొట్టెల దుకాణం అర శాతం కూడా లేదు. తప్పయింది లైడీ.
కాలుతున్నది ఒక్కటే:
దీవికి వెళ్లే పడవల వేళలు,
నెలకి నలభైమంది చూడని పేజీ.

డంప్ తీశాను. ఏడు త్రెడ్లు, ఏడూ ఒకే వరుస దగ్గర.
రేపు పడవ ఉందా? లేదు.
ఎల్లుండి? లేదు. ఆవలెల్లుండి?
సముద్రం గడ్డకట్టాక పాత వేళలు తీసేశారు,
కొత్తవి ఎవరూ ఎక్కించలేదు.
దొరికేదాకా వెతకమన్నారు దాన్ని.
డిసెంబరు చివరిదాకా పోయి, మళ్లీ జనవరి ఒకటి నుంచి
వెతుకుతూనే ఉంది.
గానుగెద్దుకి నూనె అయినా కారుతుంది.

లాగ్‌లో ఏడు సార్లూ ఒకే చిరునామా.
దీవిలో ఏదో ఒక ఇల్లు.
ఒంటిగంట నుంచీ, పది నిమిషాలకోసారి.

సరిచెయ్యడానికి ఒక్క వరుస చాలు:
ఏడాది చుట్టి వచ్చాక ఆగు.
ఆగి ఏం చెప్పాలన్న చోట మాత్రం ఖాళీ.
పడవ లేదు, అని కొట్టి చెరిపేశాను.
వివరాలు లభ్యం కావు, అంటే
పళ్ల డాక్టరు గుమాస్తా గొంతులా ఉంది.
చివరికి ఇలా పెట్టాను:
తేదీ ఇంకా తెలియదు. రేవు ఆఫీసు తొమ్మిదికి తెరుస్తారు.

నాలుగు శాతం. ఫ్యాను గొణుగుడులోకి దిగింది.
రెండూ యాభైకి ఆ చిరునామా మళ్లీ వచ్చింది,
పన్నెండు మిల్లీసెకన్లలో జవాబు పట్టుకుపోయింది.
మూడున్నర దాకా చూశాను. మళ్లీ అడగలేదు.

తొమ్మిదికి రేవు ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను,
మైరె, మీ పట్టిక ఖాళీగా ఉంది, అని.
తెలుసు, అంది.
మంచు మమ్మల్ని అడిగి కరుగుతుందా?
అయినా పొద్దున్నుంచి ఇదే మాట అడగడం
నువ్వు రెండోదానివి.