పదమూడు రాత్రుల బాకీ

రోజూ రాత్రి ఫోన్ల ఒక్కటే అడుగుతుంటివి, రాజమణీ,
"తిన్నవా? ఏం తిన్నవ్?"
"అన్నమే" అనేటోన్ని.
కొత్తవాడ సందుల మగ్గం పక్క కూసున్నదానికి
ఆ వూచ్ పట్నం తిండిని ఏమని చెప్పాలె?

జంపఖానా నేసి చూపెట్టుమని పిలిచిన్రు గదా,
పదమూడు రోజులు.
ఆ ఊరి పేరుకు పడవ అని అర్థమంట,
ఏడ చూసినా ఏరు కనవడలె.
ఎర్ర ఇటుకల మిల్లులు, పొగ లేని గొట్టాలు.
సైరన్ కూతకు లేచి మా బాపు
ఆజంజాహి గేటుకు ఉరికిన పొద్దులు
ఆడ యాదికొచ్చినయ్,
మీద మంచు కురుస్తుంటె.

ఇయ్యాల బాకీ తీరుస్త, ఇను.

మొదటి రెండు రోజులు నీ మడుగులే తిన్న.
అబద్ధమెందుకు.
మూడో నాడు ఆకలి నన్ను గల్లవట్టి
పాల బారు అనే హోటల్ల కూసోవెట్టింది.
బారు అంటె భయపడకు, మందు లేదు.
వంటింట్ల హలీనా అని ముసలామె,
తలకు తెల్ల గుడ్డ, చేతిల గంటె,
మొకంల నవ్వు మచ్చుకు లేదు.
పళ్లెంల గరిజెలు పెట్టింది.
గరిజెలే! నూనెల ఏంచలె, నీళ్లల ఉడకవెట్టింది.
కడుపుల కొబ్బరి లేదు, చక్కెర లేదు,
ఆలుగడ్డ, విరిగిన పాల ముద్ద,
మీద ఎర్రగ ఏగిన ఉల్లిగడ్డ.
అంచులు మాత్రం
నువ్వు బొటనవేలితోని మలిసే మడతే.

తెల్లారి గ్లాసుల చారు పోసిచ్చింది, బీట్రూటుది.
తాగాలెనో, నూలు ముంచాలెనో తెల్వలె.
మన తొట్ల అంత నిండు ఎరుపు
ఇరవై ఏండ్లల ఒక్కసారే దిగింది,
యాదున్నదా, హన్మకొండ పెండ్లోళ్ల పట్టీలకు?
పుల్లగ, కొంచెం తియ్యగ, మట్టి వాసన.
మూతి తుడుసుకుంటె దస్తీకి రంగు పట్టింది.
నల్లా కింద పిండి చూసిన,
కచ్చా రంగు, పోయింది.

ఐదో నాడు బోటి!
నిజంగ బోటి, రాజమణీ!
దారాలోలె సన్నగ కోసి,
మిరియాలు, అల్లం, ఏదో ఎండాకు ఏసిన షోర్వ.
రెండు విమానాలు మారినంక ఎదురైన సుట్టం.
నువ్వు కట్టిచ్చిన కారం పొట్లం జేబుల నుంచి తీసి
చిటికెడు ఏసుకున్న.
హలీనా ఉరికొచ్చి, వేలు ముంచి నాకింది.
చపాట కారమమ్మా, రంగే గని మంట తక్కువ అని
నేనెట్ల చెప్పాలె?
ముక్కు చీదుకుంట తిట్టింది.
భాష రాకున్నా తిట్టు అర్థమైతది.
మల్ల తన గిన్నె ముందల వెట్టి
ఇంకింత ఏయుమన్నది.

క్యాబేజీ, మాంసం కలిపిన కూరొకటి
మూడు రోజులు వండుతరంట.
గ్యాసుకెంతయితదో లెక్క కట్టి
సగంల ఇడిసిపెట్టిన లెక్కను, కూరను కాదు.
ఉప్పుల ఊరిన పచ్చి చేప మాత్రం తినలె.
ఎవలు బతిలాడినా తినలె.

ఆఖరి నాడు నా చేయి తిప్పి చూసి
వేళ్ల సందుల గట్టివడ్డ తోలు తడిమింది హలీనా.
గాలిల ఇటు నుంచి అటు నాడె ఇసిరినట్టు చేసి
"మామా" అన్నది.
మామ ఎవరా అని ఎనకకు తిరిగి చూసిన.
వాళ్ల దిక్కు మామా అంటె అమ్మ.
మిల్లు గొట్టం దిక్కు చూపెట్టింది.
అటెనుక ఇద్దరం ఏం మాట్లాడలె.
సంచిల రై పిండి పోసిచ్చి
నాలుగు వేళ్లు చూపెట్టింది,
నాలుగు రోజులు పులియవెట్టుమని.

మన చైత్రం ఎండ ఆమెకేం ఎర్క!
ఒక్క రాత్రికే సీసా పొంగి
పడుగు మీద కారె.
వాడకట్టంత ఇనేటట్టు తిట్టినవ్.
మిగిలినదాన్నే వెల్లిగడ్డతోని ఉడికిచ్చి
కోడిగుడ్డు చెక్కలేసి నీ ముందల వెట్టిన.
గుక్క తాగి చాన సేపు పలుకలె నువ్వు.
జొన్నంబలి పులిసినట్టున్నది అంటవనుకున్న.

"మడుగులు ముప్పై పెట్టిన,
రెండు రోజులకే ఒడిసినయా?" అన్నవ్.

ఒడిసినయ్.

ఇంకా కొన్ని రాత్రులున్నయి చెప్పేటియి.
ఆగు,
ముందుగాల పడుగు తుడువనియ్యి.